పాస్‌వర్డ్ లేకుండా లైబ్రరీ ఇన్‌స్టాల్ చేయడం

లైబ్రరీ అంటే అనేక ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్. 1995లో విడుదలైన జెడ్‌లిబ్ అలాంటిదే. డేటా సైజు తగ్గించడం దీని పని.

లైనక్స్‌లో దీని సోర్స్ ప్యాకేజీ విప్పి, ఆ ఫోల్డరులో మూడు కమాండ్లు ఇవ్వాలి. 'కాన్ఫిగర్' మన కంప్యూటర్లోని కంపైలర్‌ను పరీక్షించి మేక్‌ఫైల్ సిద్ధం చేస్తుంది. 'మేక్' సీ భాషలోని కోడ్‌ను యంత్రభాషలోకి మారుస్తుంది. 'మేక్ ఇన్‌స్టాల్' ఫైళ్లను సిస్టమ్ ఫోల్డర్లలో పెడుతుంది. ఈ చివరి దానికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ కావాలి. ల్యాబులో విద్యార్థులకు అది ఇవ్వరు.

దీనికీ ఉపాయముంది. కాన్ఫిగర్ ఇచ్చేటప్పుడే 'ప్రిఫిక్స్' ఆప్షన్‌తో మన హోమ్ ఫోల్డరు చిరునామా ఇస్తే లైబ్రరీ అక్కడే చేరుతుంది. తర్వాత మన ప్రోగ్రాంను కంపైల్ చేసేటప్పుడు, నడిపేటప్పుడు ఆ దారి చూపాలి.

సొంత కంప్యూటర్ లేదని ఆగకండి. ల్యాబులో కంపైలర్, చేతిలో సోర్స్ ఉంటే నేర్చుకోవడానికి అవి చాలు.