“చేతిలో ఆఫర్ ఏమైనా ఉందా?” – అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం మారాలనుకునేవాళ్లకు ముందు వచ్చేది హెచ్‌ఆర్ ఫోను. ఇప్పటి సీటీసీ ఎంత, ఎంత ఆశిస్తున్నారు, నోటీసు పీరియడ్ ఎన్ని రోజులు అని అడిగాక మెల్లగా అసలు ప్రశ్న వస్తుంది: “ఇంకెక్కడైనా ఇంటర్వ్యూలు జరుగుతున్నాయా? చేతిలో ఆఫర్ ఏమైనా ఉందా?” కోడింగ్ రౌండులో తడబడనివాళ్లు కూడా ఇక్కడ నీళ్లు నములుతారు. సీనియర్లు, స్నేహితులు చెప్పిన చిట్కాలే ఇందుకు సగం కారణం.

అపోహ: ఇది విధేయతకు పరీక్ష. “మీ కంపెనీ ఒక్కటే” అంటేనే మార్కులు.

వాస్తవం: ఆ మాట హెచ్‌ఆర్ నమ్మరు. నౌకరీ సైటులో రెజ్యూమె పెట్టినవాళ్లకు నాలుగు చోట్ల నుంచి ఫోన్లు వస్తాయని వాళ్లకు తెలుసు. వాళ్ల బెంగ వేరు. పెద్ద ఐటీ కంపెనీల్లో 60, 90 రోజుల నోటీసు మామూలే. ఇవాళ ఆఫర్ ఒప్పుకున్న మనిషి చేరేసరికి మూడు నెలలు పడుతుంది. ఈలోగా ఇంకెవరో ఎక్కువ ఇస్తామంటే అటు వెళ్లిపోవచ్చు. అప్పుడు ఆ పోస్టుకు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. మీరు నిజంగా చేరతారా, మీకు ఎంత త్వరగా నిర్ణయం చెప్పాలి అన్నవి తేల్చుకోవడానికే ఈ ప్రశ్న.

“అవునండీ, మరో రెండు చోట్ల మాట్లాడుతున్నాను. ఒకచోట చివరి రౌండు వచ్చే వారం ఉంది” అని చెప్పి, వీళ్ల దగ్గర మీకు నచ్చిన పని ఏమిటో ఒక్కటి నిర్దిష్టంగా చెప్పండి. వేరే ఇంటర్వ్యూలేవీ లేకపోతే “ఇప్పుడే మొదలుపెట్టాను, ఇదే మొదటిది” అనండి. అందులో నామోషీ ఏమీ లేదు.

అపోహ: అడిగారు కాబట్టి కంపెనీల పేర్లు కూడా చెప్పాలి.

వాస్తవం: అక్కర్లేదు. “పేర్లు చెప్పడం బాగుండదండీ, మీ దగ్గరి సంగతులూ బయట చెప్పను” అంటే ఎవరూ నొచ్చుకోరు. ఎలాంటి పని, ఏ దశలో ఉంది అన్నది చాలు. ఒకచోట టెస్టింగ్, మరోచోట డేటా, ఇంకోచోట సేల్స్ అని ఏకరువు పెడితే మాత్రం ఏం కావాలో మీకే తెలియదనుకుంటారు.

అపోహ: లేని ఆఫర్ ఉందంటే జీతం పెరుగుతుంది.

వాస్తవం: “ఆ లెటర్ మెయిల్ చేయండి” అంటే కథ అక్కడితో ఆగిపోతుంది. పీడీఎఫ్‌లో అంకెలు మార్చి పంపితే ఇంకా ప్రమాదం. వెరిఫికేషన్‌లో బయటపడితే చేరిన తర్వాత కూడా ఉద్యోగం పోవచ్చు. ఇప్పటి జీతం ఎక్కువ చేసి చెప్పడం కూడా కష్టమే. పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఫారం 16 అడుగుతారు. ఎక్కడ ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో పీఎఫ్ యూఏఎన్‌ చరిత్రలో ఉంటుంది. చెప్పనక్కర్లేనిది చెప్పకుండా ఉండటం మీ హక్కు. అబద్ధానికి మాత్రం కాగితం అడ్డొస్తుంది.

నిజంగానే ఆఫర్ ఉంటే విడమర్చి చెప్పండి. 18 లక్షల సీటీసీలో 3 లక్షలు వేరియబుల్, లక్ష జాయినింగ్ బోనస్ అనుకుందాం. ఏటా స్థిరంగా ఉండే భాగం 14 లక్షలే. 18 అని బేరం మొదలుపెట్టి, లెటర్ చూపించాక 14కు దిగితే మీ మాటకు విలువ ఉండదు.

అపోహ: ఆఫర్లన్నీ ఒప్పేసుకుని, చివరి రోజున ఏది మంచిదైతే అందులో చేరాలి.

వాస్తవం: ఈ అలవాటు వల్లే అందరినీ ఇన్ని ప్రశ్నలు అడుగుతున్నారు. చేరనివాళ్ల వివరాలు కంపెనీ రికార్డుల్లో ఉంటాయి. రెండేళ్ల తర్వాత అక్కడే దరఖాస్తు చేస్తే ఆ సంగతి అడ్డుపడవచ్చు. ఒక ఆఫర్ ఒప్పుకున్నాక ఇంకా వెతుకుతుంటే ఆ మాట కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కు చెప్పండి. అక్కడ నైట్ షిఫ్టు అనో, మీకు విశాఖలోనే ఉండాలనుందనో కారణం చెబితే అర్థం చేసుకుంటారు.

అపోహ: లేఆఫ్ అయి వెతుకుతున్నామంటే చులకన.

వాస్తవం: “మా టీమ్ మొత్తాన్ని తీసేశారు” అని ఒక్క వాక్యంలో చెప్పి, ఆ తర్వాత ఏం నేర్చుకున్నారో దానికి వెళ్లిపోండి. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్న మనవాళ్లయితే గడువు తేదీని దాచకూడదు. ఉద్యోగం పోయాక ఉండేది గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు. ఐ-94 గడువు అంతకన్నా ముందే ముగిస్తే అదే ఆఖరు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి. తేదీ ముందే తెలిస్తేనే వాళ్ల లాయర్లు సమయానికి కాగితాలు సిద్ధం చేయగలరు.

ఫోను ఎత్తేముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఎన్ని చోట్ల మాట్లాడుతున్నారు, ఏ దశలో ఉన్నాయి, ఎప్పటిలోగా తేల్చుకోవాలి. ప్రతి రౌండులో ఇవే చెప్పండి. హెచ్‌ఆర్‌కు ఒకటి, మేనేజరుకు మరొకటి చెబితే, మీరు ఫోను పెట్టేశాక వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారు.