మీకు తెలుసా? అండమాన్‌లో పొద్దు త్వరగా వాలుతుంది!

• అండమాన్ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నా, అక్కడి గడియారాలు నడిచేది భారత కాలమానంలోనే. అందుకే నవంబరు, డిసెంబరుల్లో సాయంత్రం 5 గంటల ప్రాంతానికే సూర్యుడు అస్తమిస్తాడు. చూడాల్సినవన్నీ ఉదయం నుంచే మొదలుపెట్టండి.

• హేవ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. అక్కడ సూర్యోదయానికి తూర్పు తీరంలోని కాలాపత్థర్ బీచ్‌కి, సూర్యాస్తమయానికి పడమటి తీరంలోని రాధానగర్ బీచ్‌కి వెళ్లాలి.

• నైరుతి రుతుపవనాలు మే నెలలోనే ఈ దీవులను తాకుతాయి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ప్రయాణానికి అనుకూలం.

• విశాఖపట్నం నుంచి ఓడలోనూ వెళ్లవచ్చు. కానీ సర్వీసులు తక్కువ, ప్రయాణం రోజుల తరబడి సాగుతుంది. తేదీలు ముందే చూసుకోండి.

• అక్కడి పగడాలను వెంట తెచ్చుకోవడం చట్టరీత్యా నేరం. దయచేసి వాటిని సముద్రానికే వదిలేయండి.