ఒకే స్థలం, ఇద్దరు కొన్నవాళ్లు

ఊరి చివర వెంచర్‌లో 200 గజాల ప్లాటు. రిటైరైన మాస్టారొకరు కొని, రిజిస్టరు చేయించుకుని, దస్తావేజు బీరువాలో పెట్టుకున్నారు. కొన్నేళ్లకు అందులో వేరే ఎవరో పునాది తీస్తున్నారని కబురొచ్చింది. పునాది తీస్తున్న ఆయన దగ్గరా రిజిస్టరైన దస్తావేజే ఉంది. మాస్టారికి అమ్మిన మనిషే ఆయనకూ అమ్మాడు! సివిల్ కోర్టులో నేను చూసే స్థలాల దావాల్లో ఇది మామూలే. "ఇద్దరికీ రిజిస్ట్రేషన్ ఎలా చేశారండీ?" అని మాస్టారు అడిగారు.

రిజిస్ట్రేషన్ అంటే దస్తావేజును నమోదు చేయడమే. అమ్మేవాడికి హక్కుందని సర్కారు పూచీ పడినట్టు కాదు. పైగా ఈసారి అమ్మినవాడు హద్దులు, సబ్ డివిజన్ నంబరు మార్చి రాయించాడు. అందుకే రెండో ఆయన తీయించుకున్న ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మాస్టారి దస్తావేజు కనిపించలేదు.

మరి స్థలం ఎవరిది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 48 ప్రకారం ముందు ఏర్పడిన హక్కుదే పైచేయి. ఒకసారి అమ్మేశాక మళ్లీ అమ్మడానికి అమ్మినవాడి దగ్గర ఏమీ మిగలదు. ఏది ముందు అన్నది తేల్చేది దస్తావేజు రాసి సంతకం చేసిన తేదీ. మార్చి 10న సంతకమైన దస్తావేజు జూన్‌లో రిజిస్టరైనా, ఏప్రిల్ 2న రాసి ఆ రోజే రిజిస్టరు చేసినదానికంటే అదే ముందు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం, సెక్షన్ 47 చెప్పేది ఇదే.

అగ్రిమెంటు సంగతి వేరు. అడ్వాన్సు ఇచ్చినంత మాత్రాన స్థలం మీ పేరుకు రాదు. మీ అగ్రిమెంటు సంగతి తెలియక, సొమ్ము చెల్లించి రిజిస్టరు చేయించుకున్నవారికి చట్టం రక్షణ ఇస్తుంది. అందుకే రిజిస్ట్రేషన్ నెలలకొద్దీ వాయిదా వేయకండి.

రెండోసారి అమ్మారని తెలిస్తే వెంటనే హక్కు ప్రకటన కోసం దావా వేసి, ఇంజంక్షన్ అడగాలి. ప్రకటన దావాకు గడువు సాధారణంగా మూడేళ్లే. మోసపోయిన రెండో కొనుగోలుదారు అమ్మినవాడి మీద సొమ్ము వాపసుకు దావా వేయవచ్చు, చీటింగ్ కేసు పెట్టవచ్చు.

కొనేముందు ఈసీని సర్వే నంబరుతోనే కాక అమ్మేవారి పేరుతోనూ వెతికించండి. లింకు డాక్యుమెంట్ల (పాత దస్తావేజుల) ఒరిజినల్స్ చూపించమనండి. స్థలానికి వెళ్లి ఇరుగుపొరుగును అడగండి. కొన్నాక కంచె వేసి, ఏటా ఒకసారి ఈసీ తీయించండి.