బల్లమీద విక్టోరియా వీధి

చిన్న ప్రతిమలను బల్లమీద నడపుచు, పాచికలు వేయుచు, బద్దతో దూరములు కొలచి ఆడు ఆటలు ఇంగ్లండులో క్రొత్తవి కావు. ప్రసిద్ధ రచయిత హెచ్. జి. వెల్సు 1913లో ‘లిటిల్ వార్స్’ అను గ్రంథమున బొమ్మ సిపాయిల యుద్ధమునకు నియమములు వ్రాసెను. ఆ వినోదము నేడు అనేక శాఖలుగా విస్తరించినది. విక్టోరియా రాణి కాలపు, అనగా 1837 మొదలు 1901 వరకు గల, లండను వీధులలో దొంగలు, అపరాధ పరిశోధకులు తారసిల్లు ఆటలు అందొక శాఖ. వీటికి వీధియే రంగస్థలము. అది నమ్మదగినదిగా లేనిచో ఆట రక్తి కట్టదు.

మొదట చూడవలసినది ప్రమాణము. ప్రతిమ సాధారణముగా అరికాలి నుండి కంటివరకు 28 మిల్లీమీటర్లుండును. అనగా మనిషి ఎత్తులో సుమారు 56వ వంతు. ఈ లెక్కను 9 అడుగుల అంతస్తు 5 సెంటీమీటర్లగును. 7 అడుగుల ద్వారము 38 మిల్లీమీటర్లగును. ప్రతిమ క్రింద పీఠముండును గనుక ద్వారమును మరి 3 మిల్లీమీటర్లు పెంచవలెను. లేనిచో బొమ్మ తల గుమ్మమునకు తగులును.

వీధి వెడల్పునకు చరిత్ర కలదు. 1875 నాటి ప్రజారోగ్య చట్టము ననుసరించి 1877లో వెలువడిన నమూనా నిబంధనలు క్రొత్త బండిబాటలకు 36 అడుగుల వెడల్పును కోరినవి. బల్లమీద అది సుమారు 20 సెంటీమీటర్లు. అంతకు పూర్వపు పేటలలోని సందులు మిక్కిలి ఇరుకైనవి. కిటికీలును ఇట్టివే. గాజుపై సుంకము 1845లోను, కిటికీలపై పన్ను 1851లోను రద్దయినవి. కావున పాత యింటికి చిన్న అద్దములు, అక్కడక్కడ ఇటుకలతో మూసిన కిటికీ. క్రొత్త యింటికి పెద్ద అద్దములు అమర్చుట ఉచితము. ప్రతి నిప్పుగూటికి వేరు పొగదారి ఉండెడిది గనుక, ఇంటిలోని నిప్పుగూళ్లను లెక్కించి కప్పుపై అన్ని పొగగొట్టములను నిలుపవలెను.

ఇక నిర్మాణము. ఫోమ్ బోర్డుపై కాగితమును ఒలిచి, మొద్దుబారిన పెన్సిలుతో ఇటుక వరుసలను నొక్కి గీయవచ్చును. ఒక్కొక్క ఇటుక సుమారు 4 మిల్లీమీటర్ల పొడవు, ఒకటిన్నర మిల్లీమీటరుకు కొంచెము తక్కువ ఎత్తు ఉండవలెను. కప్పులకు వేల్సు నుండి వచ్చిన పలకరాయిని వాడెడివారు. సన్నని అట్టను పట్టీలుగా కోసి, చూరు నుండి పైకి, ఒక వరుస అతుకులు మరియొక వరుస అతుకులపై పడకుండ అతికినచో ఆ రూపము వచ్చును. కాలిబాటపై గుండ్రని ఇనుపమూత నొకటి ఉంచుట మరువరాదు. నేలమాళిగలోనికి బొగ్గు పోయు రంధ్రమది.

లండను ఇటుక స్వభావముచే పసుపుపచ్చనిది; బొగ్గుపొగ దానిని నల్లబరచినది. గోడకు ముందు నల్లరంగు పూసి, ఆరిన పిదప ఇంచుమించు పొడిగానున్న కుంచెతో పసుపు కలసిన బూడిదరంగును పైపైన రాచినచో గీతలలో నలుపు నిలిచి మసిబారిన గోడ కనిపించును.

ఈ మసిని, మంచును కేవలము అలంకారముగా భావించువారు కలరు. 1873 డిసెంబరు నాటి పొగమంచులో ఇజ్లింగ్టను పశుప్రదర్శనకు తెచ్చిన పశువులు ఊపిరాడక చనిపోయినవి, మనుష్యులును మరణించిరి. 1889లో చార్లెసు బూతు ప్రకటించిన పటములు వీధివీధికి రంగులు వేసి, సంపన్నుల వీధులను పసుపుతోను, నిరుపేదల వీధులను నలుపుతోను చూపినవి. నగరమున సుమారు 30 శాతము ప్రజలు దారిద్ర్యమున నున్నారని ఆయన తేల్చెను. చిరిగిన కిటికీతెర, చీలిన తలుపు, పగిలిన అద్దమునకు అతికిన కాగితము నిర్మాత చేతిలో వేడుక వస్తువులైనను, ఒకప్పుడవి కొందరి బ్రతుకులు. ఏ వీధిలో ఎవరు నివసించిరో తెలిసికొని చేసినచో వాటిని తగినచోట, తగినంతగా ఉంచుట సాధ్యమగును.

బూతు పటములు లండను స్కూల్ ఆఫ్ ఎకనామిక్సు గ్రంథాలయమున నేటికిని భద్రముగా నున్నవి. అట్టను కోయుటకు ముందు వాటిలో ఒక్క వీధిని ఎన్నుకొని, దాని రంగేదో చూచుకొనుట మంచిది.