పరికరముల రాక్‌నకు తగిన స్క్రూలు

నేడు అనేక పాఠశాలలలో కంప్యూటరు గది మూలను బీరువా వంటి ఇనుప చట్ర మొకటి నిలిచియుండును. గోడకు తగిలించెడి చిన్నవియు గలవు. దీనిని రాక్ అందురు. ఇంటర్నెట్టు తీగెలు వచ్చి చేరెడి స్విచ్చి, సభలలో వాడెడి ఆంప్లిఫయరు, విద్యుత్తు ఆగినపుడు ఆదుకొనెడి యూపీయస్ మొదలగునవి ఇందులో ఒకదానిపై నొకటి అమర్చబడును. ఇట్టి పరికరములు పలుచోట్ల తల్లిదండ్రుల చందాలతోడనే సమకూరుచున్నవి. యంత్రమును కొనునపుడు చూపెడి శ్రద్ధను, దానిని నిలబెట్టెడి స్క్రూ విషయమున మనము సాధారణముగా చూపము. పిల్లలు తిరుగాడెడి గదిలో, వారి తలలకంటె ఎత్తున, బరువైన పరికరము నిలిచియున్నపుడు ఈ అశ్రద్ధ స్వల్పమైనది కాదు. కావున ఈ విషయమును కొంత తెలిసికొనుట మంచిది.

రాక్ ముందుభాగమున ఇరువైపుల నిలువు ఇనుప పట్టీ లుండును. వానికి బిగించెడి పరికరపు ముఖఫలకము వెడల్పు 19 అంగుళములు, అనగా 482.6 మిల్లీమీటర్లు. ఎత్తును ‘యు’ అను ప్రమాణముతో లెక్కింతురు. ఒక యు 44.45 మిల్లీమీటర్లు. ప్రతి యు లోను ఒక్కొక్క పట్టీకి మూడు రంధ్రము లుండును. అయితే రంధ్రముల నడుమ దూరము సమానము కాదు. అది వరుసగా 15.875, 15.875, 12.7 మిల్లీమీటర్లుగా తిరిగి తిరిగి వచ్చుచుండును. దగ్గరగా నున్న రెండు రంధ్రముల నడుమ ఒక యు ముగిసి మరియొకటి ఆరంభమగును. ఈ సంగతి ఎరుగక ఒక రంధ్రము మీదికో క్రిందికో జరిపి బిగింపబూనినచో, పరికరపు చెవులలోని రంధ్రములు పట్టీ రంధ్రములతో కలియవు.

ఇక స్క్రూ మాట. అనేక రాక్‌ల పట్టీలకు సుమారు 9.5 మిల్లీమీటర్ల చతురస్రపు రంధ్రము లుండును. వీనిలో ‘కేజ్ నట్టు’ను, అనగా చిన్న ఉక్కు పంజరములో ఇమిడిన నట్టును, వెనుకనుండి ఎక్కింతురు. దాని మర సాధారణముగా ‘ఎమ్ 6’, అనగా స్క్రూ లావు 6 మిల్లీమీటర్లు, చుట్టునకు చుట్టునకు దూరము 1 మిల్లీమీటరు. మరికొన్ని రాక్‌లలో పట్టీకే మర కోసిన గుండ్రని రంధ్రము లుండును. అమెరికా పద్ధతి రాక్‌లలో ‘10-32’, ‘12-24’ అను మరలు కానవచ్చును. ఇందు మొదటి అంకె లావునకు గుర్తు, రెండవది అంగుళమునకు గల చుట్ల సంఖ్య. 10-32 లావు 4.83 మిల్లీమీటర్లు, 12-24 లావు 5.49 మిల్లీమీటర్లు.

చేతిలో పట్టుకొన్నపుడు ఇవన్నియు ఒకే తీరున కనబడును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. 10-32 స్క్రూను ఎమ్ 6 నట్టులో పెట్టినచో పట్టులేక జారిపోవును. ఇది మేలే, పొరపాటు వెంటనే తెలియును. 12-24 స్క్రూ అట్లు గాక లోనికి పోవును. కాని చుట్ల అంచులు మాత్రమే తగులును. గట్టిగా బిగించినంతనే మర పోవును. 10-32 స్క్రూ ఎమ్ 5 నట్టులో మరింత మోసపుచ్చును. ఒకదాని చుట్ల దూరము 0.794, రెండవదానిది 0.8 మిల్లీమీటరు. చక్కగా ఎక్కినట్లే తోచును గాని పట్టు తక్కువ. బిగిసినట్లు కనబడుట వేరు, బిగియుట వేరు.

మరలు కలియకపోవుటవలన కలుగు నష్టమునకు చరిత్రలో గొప్ప నిదర్శనము కలదు. 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోరు నగరమున అగ్నిప్రమాదము సంభవించెను. పొరుగు నగరములనుండి అగ్నిమాపక దళములు సకాలమున వచ్చినవి. కాని వారి నీటిగొట్టములలో పెక్కింటి మరలు ఆ నగరపు కుళాయిల మరలకు సరిపడలేదు. 1500కు పైగా భవనములు దగ్ధమైనవి.

సరియైన స్క్రూను గుర్తించు ఉపాయము సులభము. స్క్రూడ్రైవరు పట్టకముందే వ్రేళ్లతో త్రిప్పి చూడవలెను. నాలుగైదు చుట్లు బలవంతము లేకుండ ఎక్కవలెను. ఎక్కిన పిదప అటునిటు ఊగరాదు. పొడవు 12 మొదలు 20 మిల్లీమీటర్ల వరకు చాలును. అంతకు మించినచో మొన తీగెలకు తగులవచ్చును. కేజ్ నట్టును వ్రేలితో నొక్కి ఎక్కించినచో చర్మము చీలును. అందులకై యున్న చిన్న కొక్కెమును వాడవలెను. ప్లాస్టిక్ వాషరు రంగును కాపాడును. అయితే రంగు విద్యుత్తును ప్రసరింపనీయదు కావున, స్క్రూలనే నమ్మక, రాక్‌నకు ప్రత్యేకముగా ఎర్తు తీగెను కలుపవలెను.

స్క్రూ మంచిదైనంత మాత్రమున భారమంతయు దానిపై మోపరాదు. తేలికయైన స్విచ్చికి ముందువైపు నాలుగు స్క్రూలు చాలును. వెనుకకు పొడవుగా నుండు బరువైన పరికరమునకు చాలవు; చెవులు వంగును. దానికి క్రింద అరపలక గాని, ముందు వెనుకల బిగించెడి ఆధారపు పట్టాలు గాని ఉండవలెను. యూపీయస్ వంటివానిని అట్టడుగున నుంచవలెను; బరువు పైనున్న రాక్ సులభముగా ఒరుగును. గోడ రాక్ అయినచో బోల్టు పూతను దాటి ఇటుకలోనికో కాంక్రీటులోనికో దిగవలెను. బోలు ఇటుకల గోడకు అందులకు తగిన ప్రత్యేకపు బోల్టులే వాడవలెను.

బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో కొన్నను, చెన్నపట్టణపు రిచీ వీథిలో కొన్నను, అంగడివాని భాష ఏదైనను ఈ అంకెలు మారవు. కావున రాక్ కొనినపుడే దాని మర యేదో అడిగి, కాగితముపై వ్రాసి, తలుపు లోపల అంటింపవలెను. అదే రకపు స్క్రూలును నట్టులును కొన్ని డబ్బాలో వేసి అచ్చటనే యుంచవలెను. ఏ రెండు రకములను ఒకే డబ్బాలో కలుపరాదు. ఇందులకగు వ్యయము అత్యల్పము. పాఠశాలా సంఘ సమావేశములలో కొత్త పరికరమును గూర్చి చర్చ వచ్చినపుడు, దాని వెలతోపాటు అది దేనిపై నిలుచునో, దేనితో బిగింపబడునో కూడ తల్లిదండ్రులు ఒక్కమాట అడిగినచో మన బిడ్డలకు ఎంతో మేలు చేసినవారగుదురు.