పెళ్లి సంతోషానికి పొరుగువాని దీవెన

యేసుక్రీస్తు తన మొదటి సూచకక్రియను దేవాలయంలో కాదు, కానా అనే ఊరిలో ఒక పెళ్లివిందులో చేశాడు (యోహాను 2:1–11). విందు మధ్యలో ద్రాక్షారసం అయిపోయింది. పిలిచిన బంధువుల ముందు ఆ ఇంటి పరువు పోయే గడియ అది. యేసు ఆరు రాతిబానల నీళ్లను ద్రాక్షారసంగా మార్చి ఆ ఇంటి సంతోషాన్ని నిలబెట్టాడు. కాబట్టి పెళ్లిలో ఆటాపాటా పాపమని చెప్పే హక్కు మనకు లేదు. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చిన రోజున తండ్రి ఇంట్లో వాద్యాలు మోగాయని, నాట్యం జరిగిందని లూకా సువార్తే (15:25) చెబుతోంది.

అయితే మన సంతోషం ఎవరి చెవుల దాకా వెళుతోంది, ఎంతసేపు వెళుతోంది అన్నది ఆలోచించాలి. మీర్‌పేట్ వంటి నగర శివారు కాలనీల్లో ఇవాళ పెళ్లి కుదరగానే వినిపించే ప్రశ్న 'డీజే మాట్లాడారా?' అని. ఒకప్పుడు బ్యాండుమేళం నడిచిన వీధిలో ఇప్పుడు డీసీఎం వ్యాను మీద నిలువెత్తు సౌండ్ బాక్సులు, జనరేటరు, రంగుల లైట్లు. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న సందులో బరాత్ సాగుతుంటే కిటికీ అద్దాలు అదురుతాయి. ఆ కిటికీ వెనుక గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఉండొచ్చు, పొత్తిళ్లలో బిడ్డ ఉండొచ్చు, తెల్లవారితే పరీక్ష రాయాల్సిన అమ్మాయి ఉండొచ్చు. 'పెళ్లి కదా' అని వాళ్లు ఓర్చుకుంటారు. ఆ ఓర్పునే మనం అంగీకారం అనుకుంటున్నాం. పొద్దున్నే లేచి పెద్దగొంతుతో స్నేహితుణ్ని దీవించినా అది శాపంగా లెక్కకు వస్తుందని సామెతల గ్రంథం (27:14) హెచ్చరిస్తుంది. మాట మంచిదైతే చాలదు. వేళ, గొంతు కూడా మంచివై ఉండాలి.

దేశ చట్టమూ అదే అంటోంది. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. 85 డెసిబెల్స్ ధ్వనిలో రోజుకు ఎనిమిది గంటలు మించి ఉంటే వినికిడికి ప్రమాదమని, 100 డెసిబెల్స్ అయితే ఆ హద్దు 15 నిమిషాలేనని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు.

ఇది ఇతరులకు చెప్పే నీతి మాత్రమే కాదు. చెన్నైలో ఒక చర్చి లౌడ్‌స్పీకర్ల మీద ఇరుగుపొరుగు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2000 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ బోధించదని తేల్చింది. ఆరాధనకు వర్తించిన ఆ మాట మన పెళ్లిపాటకు వర్తించదా?

పెళ్లి ప్రార్థన కోసం వచ్చే కుటుంబాలకు మేము డీజే వద్దని చెప్పం. బేరం కుదుర్చుకునే ముందు నాలుగు మాటలు ఖరారు చేసుకోమంటాం. అనుమతి కాగితం ఎవరు తెస్తారు? ఎన్ని బాక్సులు, అవి ఎటు తిరిగి ఉంటాయి? ఏ పాటలు వేయకూడదు? ఎన్ని గంటలకు ఆపాలి? అన్నిటికంటే ముఖ్యం, 'సౌండ్ తగ్గించు' అనే మాట డబ్బిచ్చిన పెద్దే చెప్పాలి. కుర్రకారు 'ఇంకా పెంచు' అని చుట్టూ మూగినప్పుడు ఆ డీజే అబ్బాయి కాదనలేడు. సీజనంతా ఆ బాక్సుల పక్కనే నిలబడే అతని చెవులే అందరికంటే ముందు దెబ్బతింటాయి. అతనికి వేళకు భోజనం పెట్టడం, చెవులకు ప్లగ్గులు పెట్టుకోమనడం కూడా ఆతిథ్యమే. ఇక అప్పు చేసి డీజే పెట్టేవారు, గోపురం కట్టే ముందు ఖర్చు లెక్క చూసుకోమన్న ప్రభువు మాటను (లూకా 14:28) గుర్తు చేసుకోవాలి.

శుభలేఖ ఇచ్చేటప్పుడే పక్కింటి గడప ఎక్కి, 'ఫలానా రోజు ఇంతసేపు పాటలుంటాయి, ఇబ్బందైతే చెప్పండి' అందాం. ఆ ఒక్క మాటతో పొరుగువాడు మనకు అతిథి అవుతాడు.

కానాలో జరిగిన మేలుకు చప్పుడు లేదు. ఆ ద్రాక్షారసం ఎక్కడినుంచి వచ్చిందో విందు ప్రధానికే తెలియలేదు. నీళ్లు తోడిన పనివాళ్లకే తెలుసు. అయినా ఆ ఇంటికి ఏ లోటూ కలగలేదు. పొరుగువాడు నిద్రపోయిన రాత్రి జరిగిన పెళ్లికి కూడా అతని దీవెన అందుతుంది.