జైలులో ఉన్న మనవారికి జ్వరం వస్తే...

అరకు, పాడేరు కొండల నుండి రిమాండుపై ఎందరో విశాఖపట్నం కేంద్ర కారాగారానికి వెళుతుంటారు. ములాఖత్‌కు వెళ్లివచ్చిన తల్లులు, "మావాడు చలితో వణికిపోతున్నాడమ్మా" అని మాతో చెప్పుకుంటారు. అది మన మన్యం మలేరియాయే కావచ్చు.

ఇక్కడ దోమ కుట్టి వెళ్లినవారికి ఫాల్సిపారం మలేరియా సాధారణంగా నెలలోపే బయటపడుతుంది. వైవాక్స్ క్రిమి మాత్రం కాలేయంలో దాగి, నెలల తరువాత కూడా తిరగబెడుతుంది. కాబట్టి జైలుకు వెళ్లి ఆరు నెలలైనా మామూలు జ్వరమని ఊరుకోరాదు.

జ్వరం వచ్చిన రోజే జైలు డాక్టరుగారికి "ఏజెన్సీ నుండి వచ్చాను, ఇదివరకు మలేరియా వచ్చింది" అని చెప్పుకోమనండి. తెలుగు సరిగా రానివారి తరఫున మీరే అధికారులకు చెప్పండి. వేలినుండి తీసిన రక్తపు చుక్కతో అరగంటలోపే తెలిసిపోతుంది. మగత, ఫిట్స్, కామెర్లు, ఆయాసం కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

వైవాక్స్‌కు ప్రైమాక్విన్ మాత్రలు 14 రోజులు వాడాలి. మధ్యలో బెయిలు వస్తే ఆ సంతోషంలో మాత్రలు మరచిపోతారు. మిగిలినవి, మందుల చీటీ అడిగి తెచ్చుకోండి. లేకుంటే జ్వరం మళ్లీ ఇంటికే వస్తుంది.

కేసు ఏదైనా, వైద్యం ఖైదీ హక్కు. అడగడానికి సిగ్గుపడకండి.